చెయ్యి ఊపలేదు

ఐలా పొయ్యి ముందు మోకాళ్ళ మీద కూర్చుని బూడిద ఎత్తుతోంది. ఇనప పార పొయ్యి అడుగును గీరుతూ లోపలికి పోయి, నిండుగా బయటికొచ్చి, రేకు బకెట్లో ధన్‌మని పడుతోంది. రోజూ ఆ పని ఆమె మొగుడు ఆర్విడ్‌ది. ఈ వేళప్పుడు ఐలా ఇంట్లో ఉండేదే కాదు. చీకటితోనే స్కూలు బస్సు ఇంజను వేడెక్కించి, పాత గని దగ్గర మొదటి పిల్లవాణ్ణి ఎక్కించుకుంటూ ఉండే వేళ ఇది. వారం నుంచి ఆమెకు బస్సు లేదు. అందుకని బూడిద దొరికింది.

"బూడిదేం చేసింది పాపం, దాన్నలా కొడుతున్నావు?" అన్నాడు ఆర్విడ్, బల్ల దగ్గర కాఫీ కప్పు వెనకనించి.

"నువ్వు నోరు మూసుకుని కాఫీ తాగు."

"నోరు మూసుకుని ఎలా తాగుతారు?"

ఐలా లేచింది. బకెట్ పట్టుకుని బయటికెళ్ళి, గడ్డకట్టిన మెట్ల మీద బూడిద చల్లింది. పెద్ద సరస్సు మీంచి వచ్చే గాలి ఆ బూడిదలో సగం తెచ్చి ఆమె మొహానే కొట్టింది. "నువ్వొక్కదానివే తక్కువయ్యావు," అని గాలిని తిట్టి లోపలికొచ్చింది.

జరిగింది ఇదీ. పోయిన వారం ఒక పొద్దున, రోడ్డుకి అవతల ఉండే ఓపల్ అనే చిన్నపిల్ల కోసం ఐలా బస్సు ఆపింది. ఎర్రదీపాలు వెలిగాయి, పక్కనున్న 'ఆగు' పలక బయటికి తెరుచుకుంది. ఆ దీపాలు వెలిగితే రోడ్డుకి రెండు వైపులా ఎంతటివాడి బండైనా ఆగాలి. పిల్లలకి నేర్పింది ఇంకోటి ఉంది: దీపాలని నమ్మి దాటకూడదు, డ్రైవరు చేతిని చూసి దాటాలి. డ్రైవరు చెయ్యి ఊపేదాకా అవతల ఒడ్డునే నిలబడాలి. ఆ పొద్దున మంచు దుమ్ము లేస్తోంది. ఎదురుగా రెండు హెడ్‌లైట్లు వస్తున్నాయి. ఐలా చెయ్యి ఊపకముందే ఓపల్ అడుగు వేసింది. ఐలా హారన్ నొక్కింది. పిల్ల వెనక్కి దూకి మంచుగుట్టలో పడింది. ఆమె అన్నం డబ్బా రోడ్డు మీద పడి, టైరు కింద అప్పడమైంది. వచ్చిన బండి ఆగకుండా పోయింది. మంచూ వెలుతురూ కళ్ళలో పడి, అది ఎవరి బండో కూడా ఐలాకి తెలియలేదు.

ఇదంతా కిటికీలోంచి చూసిన ఓపల్ తల్లి రెనేటా మధ్యాహ్నానికల్లా ఫిర్యాదు పెట్టింది. బండి ఆగలేదని మాత్రమే కాదు. బండి వస్తూ ఉండగానే డ్రైవరు చెయ్యి ఊపి పిల్లని రమ్మందని పెట్టింది.

అదీ ఐలాకి పడని మాట. ఇరవై ఏళ్ళ పైన బస్సు నడిపింది. ఆ పిల్లల తల్లుల్ని కూడా కొందర్ని చిన్నప్పుడు తనే ఎక్కించుకుంది. "నేను చెయ్యి ఊపలేదు," అంది ఆఫీసులో. ఊళ్ళో అంది. కిరాణా కొట్టు మెట్ల మీద రెనేటా ఎదురుపడితే, పదిమంది ముందు, "అబద్ధాలకోరు" అని మొహం మీదే అంది. రెనేటా మాట్లాడకుండా సంచీ ఎత్తుకుని వెళ్ళిపోయింది. తప్పు చేసింది కాబట్టే నోరు పెగల్లేదనుకుంది ఐలా.

ఈ సాయంత్రం నాలుగింటికి స్కూల్లో విచారణ. బస్సులో కెమెరాలున్నాయి. ఆ పొద్దుటి వీడియో ఒక పెన్‌డ్రైవ్‌లో వేసి ఆమెకిచ్చారు. అది తెరుచుకుంటే చాలు, నిజం దానంతటదే బయటపడుతుంది. అది తెరుచుకోవడం లేదు.

ఐలా చేతులు కడుక్కుని, బస్సుల అధికారి ట్రెవారోకి ఫోన్ చేసింది.

"మళ్ళీ మీరేనా ఐలా," అన్నాడతను.

"మళ్ళీ నేనే. మీరిచ్చిన ఫైలు ఇంకా తెరుచుకోలేదు."

"మా దగ్గరా తెరుచుకోలేదండీ. బస్సులో ఉన్న పెట్టె ఏదో వింత రకంగా రాస్తుంది. స్కూలు కంప్యూటర్లలో బయటి ప్రోగ్రాంలేవీ వెయ్యనివ్వరు. మేమేం చేస్తాం?"

"అంటే మీరెవరూ వీడియో చూడలేదు?"

"చూడలేదు."

"మరి నన్ను బస్సులోంచి ఎందుకు దింపారు?"

"ఫిర్యాదు వచ్చింది కదండీ."

"ఓహో. ఫిర్యాదు మాత్రం తెరుచుకుందన్నమాట. అది ఏ రకంగా రాసి ఉందో?"

ట్రెవారో నిట్టూర్చాడు. అతను చెడ్డవాడు కాడు. అదే ఐలాకి ఒళ్ళు మంట. చెడ్డవాడైతే తిట్టడానికి వీలుగా ఉండేది. "మీరేదైనా చూపించాలనుకుంటే, మా పెద్ద తెర మీద ఆడే మామూలు వీడియోగా మార్చి తీసుకురండి. లేదంటే ఆ తల్లి చెప్పిందీ, మీరు చెప్పిందీ, రెండే ఉంటాయి స్కూలు బోర్డు ముందు."

"తాళం మీరు వేసి, చెవి నన్ను చేయించుకురమ్మంటున్నారు," అని ఐలా ఫోన్ పెట్టేసింది.

ఆర్విడ్ కప్పు కడిగి బోర్లించాడు. "ఇప్పటికైనా నా మాట విను. ఎలాగూ వచ్చే జూన్‌కి మానేద్దామనుకున్నావు. ఓ నాలుగు నెలలు ముందే మానేశాననుకో. పిల్లకేం కాలేదు. ఊళ్ళోవాళ్ళు ఈ ఎండాకాలానికి మర్చిపోతారు."

"ఊళ్ళోవాళ్ళా? నలభై ఏళ్ళ క్రితం మీ బాబాయి ఎవరి పడవ ముంచాడో ఇప్పటికీ చెప్పుకుంటారు."

"అది పెద్ద పడవ."

"బయటికి పో ఆర్విడ్. ఊళ్ళో మంచంతా తోస్తావు కదా, ఇంటి కప్పు మీద మంచు దింపు. నా కళ్ళ ముందు ఉండకు."

అతను వెళ్ళాడు. కాసేపటికి ఇంటి కప్పు మీంచి మంచు దిమ్మలు జారి కిటికీ పక్కన పడుతున్న చప్పుడు మొదలైంది.

ఐలా లాప్‌టాప్ తెరిచింది. ఫైలు పేరు చివర చుక్క, చుక్క తర్వాత బి.వి.ఎక్స్. అని మూడక్షరాలు ఉండేవి. ఆమె ఎప్పుడూ చూడని అక్షరాలు. మొన్న దాన్ని నొక్కితే, 'ఈ ఫైలుని దేనితో తెరవాలి?' అని యంత్రం ఎదురు ప్రశ్న వేసింది. "నాకు తెలిస్తే నిన్నెందుకు అడుగుతాను?" అని యంత్రాన్నే అడిగింది. అప్పుడు ఇంటర్నెట్‌లో ఇలాంటి తిప్పలు పడేవాళ్ళంతా చేరే చోట తన కష్టం రాసి పెట్టింది. ఎవరో మహానుభావుడు, 'పేరు చివర ఆ మూడక్షరాలు తీసేసి ఎంపీ ఫోర్ అని పెట్టండి, వీడియో అయిపోతుంది' అన్నాడు. పెట్టింది. ఇప్పుడు యంత్రం ప్రశ్న మానేసి, 'ఈ ఫైలు పాడైపోయింది' అని తీర్పు చెప్పడం మొదలుపెట్టింది.

ఈ పొద్దున ఇంకో మూడు జవాబులు వచ్చి ఉన్నాయి. ఒకడు, కంప్యూటరు ఆపి మళ్ళీ వేసి చూశారా అన్నాడు. ఇంకొకడు, ఇదే ప్రశ్న చాలాసార్లు వచ్చింది, అడిగేముందు వెతుక్కోవడం మర్యాద అన్నాడు. మూడోవాడు, 'బామ్మగారూ, ఇంట్లో మనవణ్ణి పిలవండి' అన్నాడు.

ఐలా రెండు వేళ్ళతో టకటకా కొట్టింది: 'నాకు మనవలు లేరు. ఉన్నా నీలాంటివాణ్ణి పిలవను.'

సరిగ్గా అప్పుడే, తలుపు కూడా కొట్టకుండా, బూట్లకున్న మంచు దులుపుకుంటూ సిల్వీ వచ్చింది. ఆర్విడ్‌కి అక్క. మనిషి పొట్టి, గొంతు పొడుగు. తువ్వాల్లో చుట్టిన వేడి పాస్టీలు బల్ల మీద పెట్టింది. మాంసమూ ముల్లంగీ బంగాళదుంపా కూరిన ఆ కజ్జికాయల వాసన ఇల్లంతా కమ్మింది.

"కప్పు మీద నా తమ్ముడు కనిపించాడు. 'కిందికి రారా' అంటే, 'మా ఆవిడ కిందుంది, ఇక్కడే క్షేమం' అన్నాడు," అంటూ కోటు విప్పింది. "ఏదీ ఆ దిక్కుమాలిన ఫైలు? నిన్న రాత్రి ఫోన్లో నువ్వు తిట్టిన తిట్లకి నాకు నిద్ర పట్టలేదు."

"తిట్టింది నిన్ను కాదు కదా వదినా."

"ఎవర్నయితేనేం, తిట్లు బాగున్నాయి. జరుగు."

సిల్వీ రిటైరయ్యేదాకా క్యాసినోలో నిఘా గదిలో పనిచేసింది. చీకటి గదిలో కూర్చుని, తెరల మీద పేకాటవాళ్ళ చేతుల్ని చూడటమే ఆమె ఉద్యోగం. మొహాలు అబద్ధం ఆడతాయి, చేతులకి ఆ తెలివి ఉండదు అనేది. కళ్ళజోడు ముక్కు చివరికి దించి, పెన్‌డ్రైవ్‌లో ఏముందో చూసింది.

"ఒక్కటే ఉందేం?"

"ఒక్కటే కదా వీడియో."

"వీడియో ఒక్కటే. దాన్ని విప్పేది ఏదీ? ఇలా చూడు. ఈ నిఘా పెట్టెలు చేసేవాళ్ళు వీడియోని అందరిలా రాయరు. తమ సొంత మూటలో, సొంత ముడి వేసి కడతారు. ఎవడుబడితే వాడు విప్పి మార్చకుండా. కానీ మూటతోపాటు ఆ ముడి విప్పే చిన్న ప్రోగ్రాం ఒకటి పక్కనే వేసి ఇస్తుంది పెట్టె. అది లేకుండా ఇవ్వదు. మా క్యాసినోలో పోలీసులకి ఇచ్చినప్పుడల్లా రెండూ ఉండేవి."

ఐలా గుర్తు తెచ్చుకుంది. మొన్న పెన్‌డ్రైవ్ తెచ్చిన సాయంత్రం రెండున్నట్టే జ్ఞాపకం. ఆ సాయంత్రం ఆమె ఆవిరి స్నానపు గుడిసెలో ఉండగా, 'నేనూ ఓసారి చూస్తా' అని ఆర్విడ్ లాప్‌టాప్ ముందు కూర్చున్నాడు.

ఆమె లేచి కిటికీ తలుపు తోసి అరిచింది. "ఆర్విడ్! దిగు!"

"సగమే అయింది!"

"నువ్వు దిగుతావా, నిచ్చెన తియ్యనా?"

ఆర్విడ్ గడ్డం నిండా మంచుతో లోపలికొచ్చాడు. సంగతి విని ఎర్ర టోపీ తీసి చేతిలో నలుపుకున్నాడు. "అదా? అది తీసేశాను."

"తీసేశావా?"

"వైరస్. చివర ఇ.ఎక్స్.ఇ. అని ఉంది. లైబ్రరీలో పెద్దవాళ్ళ క్లాసులో ఆ అమ్మాయి చెప్పలేదూ? ఆ మూడక్షరాలు కనిపిస్తే పాముని చూసినట్టు చూడమంది. నువ్వూ విన్నావు. నువ్వే రాసుకున్నావు కూడా."

"ఎవరో ఈమెయిల్లో పంపితే అలా చూడమంది! నేను ఆఫీసు నుంచి చేతిలో పట్టుకొచ్చింది, నన్ను అడక్కుండా—"

"చెత్తబుట్టలో ఉంటుందిలే."

"పెన్‌డ్రైవ్‌లోంచి తీసేస్తే చెత్తబుట్టలోకి పోదురా తమ్ముడూ, గాల్లో కలుస్తుంది," అంది సిల్వీ.

ఐలాకి అరికాలి మంట నెత్తికెక్కింది. వారం నుంచి ఆ మంట ట్రెవారో మీదా, రెనేటా మీదా, ఊరూ పేరూ లేని ఆ బండివాడి మీదా చెదిరిపోయి మండుతోంది. ఇప్పుడంతా ఒక్క మనిషి మీదికి మళ్ళింది. "నా బస్సు పోయింది. నా పేరు పోయింది. నన్ను చూసి పిల్లల తల్లులు మొహం తిప్పుకుంటున్నారు. నేను ఇన్ని చోట్ల అడుక్కుంటుంటే, బామ్మగారూ అని ఎవడో వెక్కిరిస్తుంటే, నువ్వు పక్కనే కూర్చుని కాఫీ తాగావు. 'నేను తీసేశాను' అని ఒక్క ముక్క అనడానికి నోరు లేదూ?"

"వైరస్ అనుకున్నానని చెబుతున్నాగా."

"వైరస్ నువ్వు!"

"సరే సరే," అంది సిల్వీ. "వాణ్ణి చంపడం సాయంత్రం పెట్టుకుందాం. ముందు పాస్టీ తిను."

ఐలా తినలేదు. ఆర్విడ్ పొయ్యి పక్క కుర్చీలో కూర్చున్నాడు. కప్పు మీద మిగిలిన మంచు గురించి ఎవరూ అడగలేదు.

సిల్వీ ఫైలుని ఉత్త అక్షరాలు చూపించే కిటికీలో తెరిచింది. తెర నిండా పిచ్చి గీతలు, చుక్కలు, వంకరలు. వాటన్నిటి పైన, మొదటి వరసలో, పెట్టె తయారుచేసిన కంపెనీ పేరు మాత్రం శుభ్రంగా ఉంది. ఆ కంపెనీ వెబ్‌సైటుకి పోతే ప్రోగ్రాం ఉంది, కానీ పెట్టెలు అమ్మే డీలర్లకి తప్ప ఇవ్వబోమని గడి ఒకటి అడ్డం వచ్చింది. సిల్వీ ఆ కంపెనీకి ఫోన్ కలిపింది. చాలాసేపు పాట వినిపించారు. ఆ పాట వింటున్నంతసేపూ ఐలా గది ఈ మూలనుంచి ఆ మూలకి తిరిగింది.

చివరికి ఒక అబ్బాయి పలికాడు. మీరు డీలరా అని అడిగాడు.

"నేను క్యాసినో నిఘా గది నుంచి మాట్లాడుతున్నా," అంది సిల్వీ. అది రిటైరవక ముందు నిజం. "పోలీసులకి ఇవ్వాల్సిన వీడియో నాయనా. నీ పేరేమిటి? ఎందుకంటే ఆలస్యం ఎవరి వల్ల అయిందో వాళ్ళు రాసుకుంటారు."

ప్రోగ్రాం అప్పటికప్పుడు వచ్చింది.

"ఫైలు పేరు ఎవరు మార్చారు?" అంది సిల్వీ.

"నేనే. ఎవడో చెబితే."

"పేరు మారిస్తే మనిషి మారతాడా? పిల్లికి పులి అని పేరు పెట్టినట్టుంది." చివర మళ్ళీ ఆ పాత మూడక్షరాలు పెట్టింది. ప్రోగ్రాంలోకి లాగి వదిలింది.

తెర నల్లగానే ఉంది. కానీ చప్పుడు వచ్చింది. బస్సు ఇంజను గుర్రుమనడం. వైపర్లు. వెనక సీట్లో ఎవరో పిల్లవాడు తుమ్మడం. తలుపు తెరుచుకున్న చప్పుడు. ఐలా నిలబడ్డచోటే ఆగిపోయింది. అది తన బస్సు. వారమైంది ఆ చప్పుడు విని. అంతలో హారన్ మోగింది, పొడుగ్గా, ఇల్లు అదిరేలా.

"విన్నారా!" ఐలా బల్ల మీద అరచేత్తో కొట్టింది. "హారన్! చెప్పానా? రమ్మన్న మనిషి హారన్ కొడుతుందా? చెప్పండి!"

"బొమ్మ రావట్లేదు," అంది సిల్వీ. "ఈ ప్రోగ్రాం మరీ కొత్తది. పెట్టె పాతది. ఇంకో పాత రకం ఉంది, అది వేస్తే—"

"బొమ్మెందుకు?" అన్నాడు ఆర్విడ్. ఇద్దరూ అటు తిరిగారు. "హారన్ వినిపించింది కదా. నాలుగింటికి అది వినిపించు. చాలు. ఎవరైనా నమ్ముతారు."

"చాలా? నా చెయ్యి కనపడాలి," అంది ఐలా. "స్టీరింగ్ మీద కదలకుండా ఉన్న నా చెయ్యి ఆ రెనేటా కళ్ళతో చూడాలి. నువ్వు ఈ ఇంట్లో ఉండి ఒక్క రోజైనా నన్ను పట్టు వదలొద్దన్నావా? మాను, వదిలెయ్యి, చాలు. నీకు ఇంకో మాట రాదా?"

పాత ప్రోగ్రాం నింపాదిగా దిగింది. సిల్వీ మళ్ళీ ఫైలుని లాగి వదిలింది.

ఈసారి తెర నాలుగు గళ్ళుగా వెలిగింది. ఒక గడిలో బస్సు నడవ, పిల్లల టోపీలు. ఒక గడిలో డ్రైవరు సీట్లో ఐలా. ఒక గడిలో ముందున్న రోడ్డు. ఇంకో గడిలో బస్సు పక్కనుంచి పోయే బండ్లని పట్టే కెమెరా.

రోడ్డు గడిలో, అవతల ఒడ్డున ఓపల్ డబ్బా పట్టుకుని నిలబడి ఉంది. మొహం బస్సు వైపే. ఎదురుగా హెడ్‌లైట్లు పెద్దవవుతున్నాయి. సీటు గడిలో ఐలా రెండు చేతులూ స్టీరింగ్ మీద ఉన్నాయి.

"చూశావా?" అంది ఐలా. "చూశావా వదినా?"

అప్పుడు ఎడమ చెయ్యి లేచింది.

పెద్దగా కాదు. మణికట్టు స్టీరింగ్ మీదే ఉంది. నాలుగు వేళ్ళు మాత్రం పైకి లేచి, ఒక క్షణం నిలబడి, మళ్ళీ దిగాయి. రోడ్డు గడిలో ఓపల్ ఆ వేళ్ళు చూసి అడుగు ముందుకు వేసింది. హారన్. పిల్ల వెనక్కి పడింది. డబ్బా దొర్లింది.

సిల్వీ వెనక్కి తిప్పి మళ్ళీ వేసింది. చెయ్యి మళ్ళీ లేచింది.

ఆ ఊళ్ళో ఎదురొచ్చిన బండికి వేళ్ళెత్తకుండా ఎవరూ పోరు. తెలిసినవాళ్ళకీ ఎత్తుతారు, తెలియనివాళ్ళకీ ఎత్తుతారు. ఎత్తకపోతే ఏదో కోపముందని మర్నాడు ఇంటికొచ్చి అడుగుతారు. బండి నేర్చుకునేటప్పుడు బ్రేకుతోపాటు నేర్చుకునేది అది. కన్ను చూసి చెయ్యికి చెప్పదు. చెయ్యి దానంతటదే లేస్తుంది. ఐలా చెయ్యి ఊపలేదు. పలకరించింది. ఓపల్‌కి ఆ రెండిటికీ తేడా ఎవరు నేర్పారు?

"ఆ తల్లి ఉన్నదున్నట్టే చెప్పింది," అంది ఐలా. "దాన్ని నేను అబద్ధాలకోరు అన్నాను."

సిల్వీ వినడం లేదు. ఆమె నాలుగో గడిలోకి చూస్తోంది. బస్సు పక్కనుంచి బండి పోయిన ఆ రెప్పపాటు దగ్గర బొమ్మని ఆపింది. ముందు మంచు తోసే పసుపుపచ్చ పార ఎత్తి ఉన్న పికప్. ముక్కు దగ్గర సొట్ట. అద్దం వెనక ఒక గడ్డం, చెవుల మీదికి లాగిన ఎర్ర టోపీ. ఆ మనిషి చెయ్యి కూడా పైకెత్తి ఉంది. ఐలా పలకరింపుకి బదులిస్తున్నాడు.

ఐలా ఆ బొమ్మని చూసింది. తర్వాత పొయ్యి పక్క కుర్చీలో టోపీ నలుపుతున్న ఆర్విడ్‌ని చూసింది.

"ఒరేయ్," అంది సిల్వీ, చాలా మెల్లగా.

"నువ్వు చెయ్యెత్తావు," అన్నాడు ఆర్విడ్, ఐలాతో. "నేను నెమ్మది చేశాను. ఆపేవాణ్ణే. నువ్వు చెయ్యెత్తావు. పొమ్మన్నావనుకున్నా."

"ఎర్రదీపాలు కనపడలేదా?"

"దీపాలూ నీవే, చెయ్యీ నీదే. నేను చెయ్యి చూశాను."

"పిల్ల పడటం చూశావా?"

"అద్దంలో చూశాను. లేచి నిలబడింది. లేచింది కదా అని..." అతను ఆగాడు. "ఆసుపత్రి ముందు మంచు తొయ్యాలి, అప్పటికే ఆలస్యమైంది. సాయంత్రం చెబుదామనుకున్నా. సాయంత్రానికి నువ్వు ఆ బండివాణ్ణి తిడుతూ వచ్చావు. కనిపిస్తే మన బండి పార కిందే పెట్టి తొక్కిస్తానన్నావు. ఎలా చెప్పను?"

"వారం! వారం రోజులు వాణ్ణి నీ ఎదురుగానే తిట్టాను. నువ్వు తలూపావు. 'ఎవడో దుర్మార్గుడు' అన్నావు కూడా." "ఆ ప్రోగ్రాం ఎందుకు తీసేశావు?"

"వైరస్—"

"ఆర్విడ్."

అతను చేతిలోని టోపీ వైపే చూశాడు. పొయ్యిలో కట్టె ఒకటి విరిగి కూలింది.

తర్వాత అతను లేచి బల్ల దగ్గరికొచ్చాడు. తెర వైపు చూడకుండా మాట్లాడాడు. "నా మాట విను. ఇది స్కూల్లో ఎవరికీ తెరవడం రాదు. ట్రెవారోకి రాదు. తెరుచుకోలేదని చెప్పు. అంతే. ఆమె మాట ఒకటి, నీ మాట ఒకటి. ఇరవై ఏళ్ళ నుంచి నిన్ను చూస్తున్నారు, నీ మాటే నమ్ముతారు. బస్సు నీకు తిరిగొస్తుంది. ఇది చూపిస్తే నీ బస్సూ పోతుంది, నా లైసెన్సూ పోతుంది. ఎవరికి లాభం?"

"మరి రెనేటా?"

"రెనేటాకి ఏమైంది? పిల్ల బాగానే ఉంది."

"పిల్ల రోజూ ఎవరి చెయ్యి చూసి దాటాలిరా?" అంది ఐలా. మొగుణ్ణి ఆమె ఎన్నడూ 'రా' అనలేదు. "నా చెయ్యి చూసి దాటమని నేనే నేర్పాను దానికి. నేర్పినట్టే చేసింది. దాని అమ్మ కళ్ళతో చూసింది చెప్పింది. పదిమంది ముందు దాని మొహాన ఉమ్మినంత పని చేశాను నేను. నువ్వు ఇంట్లో కూర్చుని విన్నావు. 'బాగా బుద్ధి చెప్పావు' అన్నావు. నా నోటితో దాన్ని తిట్టించావు నువ్వు!"

"అరవకు."

"అరుస్తాను! నేను తప్పు చేశాను, నాకు తెలియదు. నీకు తెలుసు. అన్నం తింటూ తెలుసు. నా పక్కన పడుకుని తెలుసు."

ఆర్విడ్ అక్క వైపు తిరిగాడు, ఆమె ఏదైనా అంటుందేమోనని. సిల్వీ కళ్ళజోడు తీసి పైట కొంగులాంటి తన ఉన్ని శాలువాతో తుడుచుకుంది. తుడిచిందే తుడిచింది.

"ఐలా," అంది చివరికి. "పెద్ద తెర మీద ఆడేలా మార్చి ఇస్తాను. ఈ ప్రోగ్రాంలో ఆ వీలుంది. ఒక్కో గడినీ విడిగా కూడా తియ్యొచ్చు." ఆమె తమ్ముడి వైపు చూడలేదు, మరదలి వైపూ చూడలేదు. "రోడ్డు గడి ఒక్కటీ ఇస్తే, నీ చెయ్యి కనపడదు. సీటు గడి ఒక్కటీ ఇస్తే, బండి కనపడదు. నేను చెయ్యమని అనట్లేదు. వీలుందని చెబుతున్నా."

ఐలా తెర దగ్గరికి జరిగింది. ఆపిన బొమ్మలో ఆర్విడ్ చెయ్యి ఇంకా ఎత్తే ఉంది.

"నాలుగు గళ్ళూ ఉంచు," అంది.

సిల్వీ నొక్కింది. పచ్చటి గీత ఒకటి తెర కింద చీమలా పాకడం మొదలుపెట్టింది. అది పాకుతున్నంతసేపూ ఆర్విడ్ మాట్లాడుతూనే ఉన్నాడు. లైసెన్సు పోతే ఆసుపత్రి పని ఎవరు చేస్తారన్నాడు. తను ఎవర్నీ గుద్దలేదన్నాడు. ముప్ఫై ఏళ్ళ కాపురం ఒక పక్క, అన్నం డబ్బా ఒక పక్కా అన్నాడు. తనే వెళ్ళి చెబుతానన్నాడు, రేపు, నెమ్మదిగా, ట్రెవారో ఒక్కడికే. ఐలా కొక్కేనికున్న కోటు తీసి తొడుక్కుంది. బల్ల మీద చల్లారిన పాస్టీ పక్కనుంచి కారు తాళాలు తీసుకుంది.

గీత చివరికంటా పాకేసరికి మూడు దాటింది. సిల్వీ పెన్‌డ్రైవ్ ఊడదీసి ఆమె అరచేతిలో పెట్టింది.

"వదినగా అడుగుతున్నా, తోడు రానా?" అంది.

ఐలా తల అడ్డంగా ఊపి, బూట్ల తాళ్ళు కట్టుకోవడానికి వంగింది.

"కనీసం నన్నేం చెయ్యమంటావో చెప్పి వెళ్ళు," అన్నాడు ఆర్విడ్. తలుపుకి అడ్డంగా నిలబడలేదు కానీ, దానికి దగ్గరగానే నిలబడ్డాడు. "తిట్టు, పోనీ. ఇంకో నాలుగు తిట్టు. ఐలా."

ఆమె అతని పక్కనుంచి తలుపు తీసుకుని బయటికి వెళ్ళిపోయింది.